సీరియస్ బయ్యర్స్ ఓన్లీ

మా అన్నయ్య కొడుకు కారు అమ్మకానికి పెడుతూ ప్రకటన రాసి నాకు పంపించాడు. ‘బాబాయ్, నువ్వు పేపర్లకి రాస్తావు కదా, కాస్త భాష చూడు’ అన్నాడు. చూశాను. పైన బండి పేరు. దాని కింద బిగించిన సామాన్ల చిట్టా, చేంతాడంత. ఆ కింద హెచ్చరికలు: టైమ్‌పాస్ బ్యాచ్ ఫోన్ చేయొద్దు. బేరం లేదు. డబ్బు చూపించాకే టెస్ట్ డ్రైవ్. స్టాక్ బండి (అంటే కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టే ఉన్నది) కావాలనుకునేవాళ్లు షోరూమ్‌కి వెళ్లగలరు. అన్నిటికన్నా కింద ‘సీరియస్ బయ్యర్స్ ఓన్లీ’ అని రాసి పక్కనే ఏడుపు మొహం బొమ్మ. కొనబోయేవాణ్ణి ముందే నాలుగు తిట్టి, ఆ తర్వాత డబ్బు పట్టుకు రమ్మనే వ్యాపారం మా బెజవాడలో ఇదొక్కటే ఉన్నట్టుంది.

ఎందుకమ్ముతున్నావురా అంటే, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారన్నాడు. మొన్న పెళ్లిచూపులకి ఆ బండిలోనే వెళ్లారట. అమ్మాయి కన్నా ముందు వీధి వీధంతా బయటికొచ్చి చూసిందట. పిల్ల తండ్రి మర్యాదస్తుడు. ‘సైలెన్సర్ ఊడిపోయినట్టుంది, మా మెకానిక్‌ని పిలవమంటారా’ అని అడిగాడు. అది ఊడిపోవడం కాదని, దానికే నలభై వేలు పోశామని మా అన్నయ్య ఏ మొహం పెట్టుకుని చెబుతాడు?

బండి ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ. 2013లో మన దేశంలో అమ్మకానికొచ్చింది. నాలుగు మీటర్లకి మూడు సెంటీమీటర్లు తక్కువ పొడవు, 1197 సీసీ పెట్రోలు ఇంజన్, దానికో టర్బో, 105 గుర్రాల బలం, ఏడు గేర్ల ఆటోమేటిక్. ఆ కొలతలు ఊరికే కుదిరినవి కావు. 2006 బడ్జెట్ నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలైతే 1200 సీసీ లోపు ఇంజన్ ఉంటేనే చిన్నకారు కింద లెక్క, తక్కువ పన్ను దానికే. మన దేశంలో కుర్రాళ్ల ఆవేశం కూడా పన్ను శ్లాబు లోపలే పుట్టాలి. హద్దు దాటించే పని ఆటోనగర్ చూసుకుంటుంది. 2022లో ఇక్కడ పోలో తయారీ ఆపేశారు. అప్పట్నుంచీ ఈ బండి ఉన్న ప్రతివాడూ ఓ మ్యూజియానికి క్యూరేటర్‌లా మాట్లాడుతున్నాడు.

కొన్నప్పుడు బండి భేషుగ్గా ఉండేది. మావాడి దృష్టిలో దానికున్న లోపం అదే. ముందు రీమ్యాప్ అన్నాడు. ఇంజన్ని నడిపే కంప్యూటర్లో జర్మన్ ఇంజనీర్లు రాసుకున్న లెక్కలు చెరిపేసి, టర్బో గాలి ఒత్తిడి పెంచి, కొత్త లెక్కలు ఎక్కించారు. ఎక్కించినవాడికి మీసాలింకా సరిగ్గా రాలేదు, వాడి ల్యాప్‌టాప్‌కి ఒక మూల స్క్రీన్ పగిలింది. తర్వాత డౌన్‌పైప్ మారింది, దాంతోపాటే పొగని శుద్ధి చేసే కన్వర్టర్ ఇంటికి పోయింది. ఆ తర్వాత వచ్చాయి టపాకాయలు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే వెనక గొట్టంలో టపటపా పేలాలి, అదీ వీళ్ల ముచ్చట. మండాల్సిన క్షణాన్ని కాస్త వెనక్కి జరిపి, అక్కర్లేని పెట్రోలు కాస్త వదిలితే ఆ పేలుడు వస్తుంది. పెట్రోలు ఇంజన్లో కాలితే బండి నడుస్తుంది, గొట్టంలో కాలితే వీధి నిద్ర లేస్తుంది. మావాడు రెండింటికీ డబ్బు కట్టాడు.

ఇక బండిని నేలకి దించడం. ఫ్యాక్టరీ ఇచ్చిన స్ప్రింగులు పీకి, ఎత్తు తగ్గించుకునే కాయిలోవర్లు వేయించాడు. స్పీడ్ బ్రేకర్ అంటే 3.7 మీటర్ల వెడల్పున నున్నగా లేచి, పది సెంటీమీటర్ల ఎత్తుకి మించకూడదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఏనాడో రాసిపెట్టింది. మా కాలనీలో బ్రేకర్లు వేసిన మేస్త్రీకి ఆ కాంగ్రెస్‌తో పొత్తు లేదు. రాత్రి మిగిలిన కాంక్రీటు ఎంతుంటే బ్రేకర్ అంత. కాబట్టి ఆదివారం మా వదిన రైతుబజారు నుంచి వచ్చేటప్పుడు, ప్రతి బ్రేకర్ దగ్గరా సంచులతో సహా కిందకి దిగుతుంది. వాడు స్టీరింగ్ పూర్తిగా తిప్పి, ఒక్కో చక్రాన్నీ ఏటవాలుగా ఎక్కించి, కింద ఎక్కడో ‘గర్ర్’ మంటే తన పళ్లే నూరుకుపోయినట్టు మొహం పెట్టి, అటుపక్కకి దిగుతాడు. వదిన నడుచుకుంటూ వెళ్లి మళ్లీ ఎక్కుతుంది. వెనక ఆటోవాడు హారన్ కొడుతూనే ఉంటాడు. ఈ తతంగం మధ్య ఓసారి సొరకాయ దొర్లిపోయి కాలవలో పడింది. ఆ సొరకాయ కథ మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తోంది.

బిళ్ల సంగతి కూడా చెప్పాలి. జీటీ పక్కన ఎర్రటి ‘ఐ’ ఒకటి అతికించి జీటీఐ చేశాడు. అసలు పోలో జీటీఐ అనేది 2016లో బయటి నుంచి తెచ్చి అమ్మిన వేరే బండి, 1.8 లీటర్ల ఇంజన్, మూడు తలుపులు. ఐదు తలుపుల బండికి ఆ బిళ్ల అంటించడం, బీకాం చదివి బోర్డు మీద ఎంబీబీఎస్ రాయించుకోవడమే. ఈ మాటంటే వాడు రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

ధర దగ్గరికొద్దాం. షోరూమ్ రేటు తీసుకుని, వాడకానికి తరుగుదల కొట్టేశాడు. ఇక్కడిదాకా లోకంతో ఏకీభవించాడు. ఆపైన బిగించిన ప్రతిదాని బిల్లూ కలిపాడు, మెకానిక్ కూలీతో సహా, ఆ కూలీ మీద జీఎస్టీతో సహా. మా వదిన పక్కనుంచి వింటోంది. ‘నా గాజులు మార్చేటప్పుడు షావుకారు మజూరీ ఇచ్చాడా? తరుగు తీసి, బంగారానికి ఎంతో అంతే ఇచ్చాడు. నీ గొట్టాలకి మజూరీ ఎవడిస్తాడురా?’ అంది. ఆర్థికశాస్త్రంలో ఇంతకన్నా సూటిగా ఎవరూ చెప్పలేదు. మావాడు మాత్రం ‘అమ్మా, ఇది ఇన్వెస్ట్‌మెంట్’ అన్నాడు.

ఫోన్లు మొదలయ్యాయి. మొదటాయన గుడివాడ నుంచి. మైలేజీ ఎంతన్నాడు. మావాడు ‘అంకుల్, ఇది జీరో టు హండ్రెడ్...’ అని మొదలుపెట్టాడు. ‘అదేనయ్యా, వంద రూపాయలకి ఎన్ని కిలోమీటర్లిస్తుంది? పోనీ గ్యాస్ కిట్ పడుతుందా?’ అన్నాడాయన. ఇంకొకడు బుల్లెట్టూ, ఒక ఫోనూ ఇస్తానన్నాడు, పైన తేడా నెలనెలా కడతానన్నాడు. ఒక సాయంత్రం నలుగురు కుర్రాళ్లొచ్చి, బానెట్ తీయించి, టపాకాయలు పేలించి, రీల్ తీసుకుని, డాడీతో మాట్లాడి చెబుతాం బ్రో అని వెళ్లారు. ఆ డాడీ ఇంకా దొరకలేదు. పాత కార్లు కొనే కంపెనీ నుంచి ట్యాబ్ పట్టుకుని ఒకతను వచ్చాడు. మావాడు ఒక్కొక్కటీ గర్వంగా చూపిస్తుంటే, అతను ఒక్కొక్కదానికీ వేలు నొక్కుతున్నాడు. ప్రతి నొక్కుకీ రేటు పడిపోతోంది. అతని ట్యాబులో తగ్గించడానికే గడులున్నాయి, కలపడానికి లేవు.

వీళ్లందరినీ మావాడు తట్టుకున్నాడు. తట్టుకోలేనిది ఒక్కణ్ణే. నిజమైన అభిమాని, ఏలూరు నుంచి బస్సెక్కి వచ్చాడు. బండి కిందికి దూరి, ఫోన్ టార్చి వేసి, ప్రతి వెల్డింగూ చూసి, ఏ పార్టు ఏ కంపెనీదో పేరు చూడకుండానే చెప్పాడు. ఇద్దరూ గంటసేపు తోడబుట్టినవాళ్లలా మాట్లాడుకున్నారు. మావాడికి కళ్లు చెమ్మగిల్లాయి. అప్పుడా అబ్బాయి చేతులు తుడుచుకుని, ‘బ్రో, ఇంత ప్రేమగా చేయించారంటే గట్టిగానే వాయించి ఉంటారు కదా. నేను స్టాక్ బండి చూసుకుంటా, ఇవన్నీ నేనే చేయించుకుంటా’ అన్నాడు.

మాడిఫై చేసిన బండి విలువ తెలిసినవాడు అది కొనడు, తెలియనివాడు దానికి విలువ కట్టడు. పాత కార్ల బజారులో అన్నిటికన్నా ఎక్కువ పలికే మాట ‘డాక్టర్ గారి బండి’. ఆస్పత్రికీ ఇంటికీ తిరిగిందని, ఆయనకి దాని జోలికెళ్లే తీరిక లేదని దాని తాత్పర్యం. నువ్వు ఆ బండిలో ఎంత తక్కువ కనిపిస్తే నీకంత ఎక్కువ ఇస్తారు. మావాడేమో డోర్ హ్యాండిల్ దగ్గర్నుంచీ కనిపిస్తున్నాడు.

ఇంతకీ నన్ను చూడమన్నది భాష. ప్రకటనలో సామాన్ల చిట్టాని మోటారు వాహనాల చట్టం పక్కన పెట్టి చదివాను. తయారీదారు చెప్పిన వివరాలకీ రిజిస్ట్రేషన్ కాగితానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 చట్టంలో 52వ సెక్షన్. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే నొక్కి చెప్పింది. ఆ ఏడాది సవరణతో ఓనరుకి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకీ 5,000 జరిమానా, లేదా రెండూ. చప్పుడుకీ పొగకీ వేరే లెక్క ఉంది, 10,000 దాకా. మావాడు బిరుదుల్లా నంబర్లేసి రాసుకున్న పదకొండు లైన్లూ పదకొండు నేరాలు, కింద ఫోన్ నంబరు, మూడు ఫోటోలు. పోలీసువాళ్లకి శ్రమ లేకుండా ఛార్జిషీటు తనే తయారుచేసి, పైగా ‘సీరియస్’ వాళ్లనే రమ్మన్నాడు.

‘అందరూ చేస్తున్నారు బాబాయ్’ అన్నాడు. అదీ నిజమే. బిగించే షాపు మెయిన్ రోడ్డు మీదే ఉంది, వినాయక చవితికి బ్యానర్ కడుతుంది. బిగించినవాడు జీఎస్టీ కడతాడు, బిగించుకున్నవాడు జరిమానా కడతాడు. రెండూ చేరేది ఖజానాకే కనుక ప్రభుత్వానికి దీని మీద పెద్ద పట్టింపు ఉన్నట్టు లేదు. నల్ల ఫిల్ములు తీసేయమని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. ముందు బిగించే ఇనుప బంపర్లు వద్దని 2017లో కేంద్రం చెప్పింది. మా సర్కిల్లో ట్రాఫిక్ ఆపి మరీ పంపే నాయకుల బళ్లకి ఆ రెండూ ఉంటాయి. అవి దాటేదాకా మావాడి పోలో సిగ్నల్ దగ్గర నిలబడుతుంది. ఆ తర్వాత కానిస్టేబుల్ మావాణ్ణి పక్కకి పెట్టమంటాడు.

మొత్తానికి దిగొచ్చాడు. బండిని మళ్లీ స్టాక్ చేసి అమ్ముదామన్నాడు. తీరా చూస్తే అసలు సైలెన్సర్ ఏనాడో పాత ఇనుము వాడికి కిలోల లెక్కన పోయింది. స్ప్రింగులు అటక మీద దొరికాయి, వాటిలో ఒకటి మా వదిన తులసికోట పక్కన పందిరి గుంజకి ఊతంగా పెట్టుకుంది. అడిగితే ముందు నా సొరకాయ ఇవ్వమంది. ఫ్యాక్టరీ డౌన్‌పైప్ కోసం ఆటోనగర్‌లో నాలుగు గల్లీలు తిరిగాం. తయారీ ఆగిపోయిన బండి కదా, ఎవరో గుద్దేసుకున్న పోలో నుంచి తీసినది ఒకటుందని, కొత్తదాని రేటు చెప్పాడు. రీమ్యాప్ ఎక్కించినవాడు దాన్ని తీసేయడానికి కూడా డబ్బడిగాడు. వాడికిప్పుడు మీసాలొచ్చాయి, కొత్త ల్యాప్‌టాపూ వచ్చింది.

విప్పిన సామాన్లు విడివిడిగా పెడితే మాత్రం ఎగరేసుకుపోయారు. పెద్ద స్పాయిలర్ కొన్నది కానూరులో ఇంజనీరింగ్ చదివే కుర్రాడు. దుప్పటి తెచ్చుకున్నాడు, స్పాయిలర్‌ని అందులో చుట్టి, స్నేహితుడి స్కూటీ వెనక అడ్డంగా పట్టుకుని కూర్చున్నాడు. మీది ఏ మోడల్ బాబూ అన్నాను. కారు ఇంకా కొనలేదండి, నాన్నగార్ని ఒప్పిస్తున్నాను అన్నాడు.

కొత్త ప్రకటన నేనే రాశాను. ఫస్ట్ ఓనర్, ఫుల్లీ స్టాక్, ఫ్యామిలీ యూజ్డ్. వదిన దిగి ఎక్కినంత ఏ ఫ్యామిలీ ఎక్కి ఉండదు కనుక అందులో అబద్ధం లేదు. తిట్లు తీసేశాను, ఏడుపు మొహం తీసేశాను. వారం తిరక్కుండా ఒకాయన వచ్చాడు, అరగంట బేరమాడాడు, అడ్వాన్స్ ఇచ్చాడు. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలయ్యాయి. ట్రాన్స్‌ఫర్ నేను చేయించుకుంటాలెండి, మనలో మనకేంటి అని కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. అమ్మినవాడు పధ్నాలుగు రోజుల్లో ఆర్టీఏకి తెలియజేయాలని చట్టంలో ఉంది. ఆర్సీలో పేరున్నవాడే ఓనరు, పరిహారమైనా వాడే కట్టాలని 2018లో సుప్రీంకోర్టు ఓ ప్రమాదం కేసులో తేల్చింది కూడా. నేను చెబుతూనే ఉన్నాను. మావాడు అప్పటికే ఆ డబ్బు పట్టుకుని ఇంకేదో బండి ఫోటోలు చూస్తున్నాడు.

నెల తిరిగేసరికి చలానా వచ్చింది, మావాడి పేరు మీదే. హైవే మీద అతివేగం. కెమెరా తీసిన ఫోటోలో బండి వెనక భాగం స్పష్టంగా ఉంది, డిక్కీ మీద గుడి గోపురమంత స్పాయిలర్. కొన్నాయనకి కానూరులో చదువుకునే కొడుకున్నాడని ఆ ఫోటో చూస్తేగానీ మాకు తెలీలేదు. ఇప్పటికైనా ఆర్టీఏకి వెళ్లరా అని నేనంటుంటే, వాడు ఆ ఫోటోని రెండు వేళ్లతో పెద్దది చేసి తదేకంగా చూశాడు. తర్వాత కొన్నాయనకి ఫోన్ కలిపాడు.

‘అంకుల్, ట్రాన్స్‌ఫర్ సంగతి తర్వాత. ఎడమవైపు నట్టు వదులైంది, స్పాయిలర్ వంకరగా ఉంది. మీ అబ్బాయికి మా షాపు నంబర్ పంపిస్తున్నా, నా పేరు చెప్పమనండి, కూలీ తగ్గిస్తాడు.’