చీటీ చదవని చీపురు

లండన్‌లోని టేట్ బ్రిటన్‌లో 2004లో, ఊడ్చేవాళ్లు అలవాటు కొద్దీ ఒక చెత్త సంచిని తీసుకెళ్లి పారేశారు. అది గుస్తావ్ మెట్జ్‌గర్ కళాఖండంలో భాగమని తరవాత గగ్గోలు. ఆయన సిద్ధాంతం ఏమిటనుకున్నారు? ‘తనను తానే ధ్వంసం చేసుకునే కళ’. ఆ కష్టమేదో ఇంకొకరు తీర్చిపెడితే ఏడుపెందుకు? సంచిని వెతికి తెచ్చారు గాని, పాడైపోయిందట. చెత్త పాడవడమేమిటో నా బుర్రకెక్కలేదు. దాని స్థానంలో కొత్త సంచి వెలిసింది.

2015లో ఇటలీలోని బోల్జానోలోనూ ఇదే వరస. మ్యూజియం నేల మీద ఖాళీ షాంపేన్ సీసాలు, సిగరెట్ పీకలు, రంగుకాగితాల ముక్కలు. 1980ల నాటి ఇటలీ పెద్దమనుషుల అవినీతికి, విలాసాలకి అవి రూపమట. పొద్దున్నే ఊడ్చడానికి వచ్చినవాళ్లు ఏదో విందు తాలూకు చెత్త అనుకుని సంచులకెత్తారు. లోకమంతా నవ్వింది. నాకైతే ఆ కళను సాంతం అర్థం చేసుకున్నది వాళ్లే అనిపిస్తుంది: ఎవరో తాగి తందనాలాడి పోయారు, ఎత్తిపోయాల్సింది మనం.

దొరికిన వస్తువుతో భావానికి రూపమిచ్చామంటారు ఈ కళాకారులు. బాగుంది. రూపం వచ్చేశాక పక్కన గోడకి ఆ వివరణ చీటీ దేనికి? ‘శూన్యంతో సంభాషణ’ అని అందులో రాసి ఉంటే తప్ప, విరిగిన కుర్చీ విరిగిన కుర్చీలాగే ఉంటుందే!

పికాసో 1942లో సైకిల్ సీటుకి హ్యాండిల్ తగిలించాడు. పశువులు కాసే పిల్లాడికి చూపించండి, ఎద్దు తల అంటాడు. చండీగఢ్‌లో రోడ్ల ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసిన నేక్ చంద్ పగిలిన గాజులూ పింగాణీ పెంకులతో ఒక లోకాన్నే కట్టాడు, అదీ ఏళ్ల తరబడి సర్కారు అడవిలో దొంగచాటుగా. చీటీ పెట్టి ఉంటే ముందు ఉద్యోగం ఊడేది.

ఇక ఇటలీ కళాకారుడు కాటెలాన్ గారి అరటిపండు. గోడకి టేపుతో అంటించిన ఆ పండు 2024లో న్యూయార్క్ వేలంలో 62 లక్షల డాలర్లు పలికింది. పండు కుళ్లితే మార్చుకోవచ్చు. కొన్నవాడికి మిగిలేది ధ్రువపత్రం, ఎలా అంటించాలో చెప్పే సూచనలు. అంటే చివరికి చీటీయే అమ్ముడుపోయిందన్నమాట! పండుని కొన్నాయన తినేశాడు కూడా.

ఆ పండుని 35 సెంట్లకు అమ్మిన బండి మీదా ఒక అట్టముక్క ఉండే ఉంటుంది. దాని మీద ధర మాత్రమే రాసి ఉంటుంది.