చెరకు పద్యానికి దంతవ్యాఖ్య

చెరకు గడను కోర చీల్చంగ ముందరి
పండ్లు ముక్క కొరుక పట్టి దవడ
నమలి రసము పిండ నాలుకే పొందును
తీపి యనెడి కీర్తి తేరగాను

అవతారిక: సంక్రాంతి నాడు అరుగు మీద కూర్చుని చెరకు తింటున్న కవి, కడపటి పన్ను సలపగా ఆశువుగా చెప్పిన పద్యమిది.

టీక: కోర = కోరపన్ను, అనగా రదనిక. పైన 2, కింద 2. మొన తేలినది, వేరు పొడుగుది. ముందరి పండ్లు = ఉలి అంచు వంటి కుంతకాలు, 8. దవడ = లక్షణావృత్తిచేత దవడపండ్లు. వీటిలో అగ్రచర్వణకాలు 8, చర్వణకాలు 12. కవి ‘అగ్రచర్వణకము’ అని విడిగా చెప్పలేదేమని ఆక్షేపణ. ఛందస్సు కుదరక అందామంటే, ఆ మాట హ, హ, న అని మూడు సూర్యగణాలుగా అతికినట్టు పడుతుంది. కనుక ఇది కవి దోషమే.

తాత్పర్యం: చీల్చినదొకటి, కొరికినదొకటి, పిప్పి అయ్యేదాకా నూరినదొకటి. ‘అబ్బ, ఎంత తీపి!’ అన్న పేరు నాలుకకు.

అలంకారం: అసంగతి. కారణం ఒకచోట, ఫలం మరోచోట.

పాఠాంతరం: ‘మటను బొమిక’ అని కొందరు చదువుతారు. యతి చెడుతుంది కనుక అగ్రాహ్యం. కోరపండ్ల ఓటు మాత్రం దానికే.

విశేషం: రెండుసార్లు పుడుతుంది కనుక సంస్కృతంలో పన్నుకు ద్విజమని పేరు. ఈ బిరుదును 32 పండ్లకూ పంచడం నాకు సమ్మతం కాదు. పాలపండ్లు 20. అవి ఊడినచోట వచ్చేవీ 20; పాల దవడపండ్ల స్థానంలో మొలిచేవే అగ్రచర్వణకాలు. తక్కిన 12 చర్వణకాలకు పూర్వజన్మ లేదు. నూరుడు చాకిరీలో పెద్దవాటా వీటిదే, పుట్టుక మాత్రం ఒక్కటే! వీటిలో చివరి 4 జ్ఞానదంతాలు, 17 ఏళ్ళు దాటాక ఎప్పుడో వస్తాయి, కొందరికి అసలే రావు. నాకు ఒకటి అడ్డంగా వచ్చింది. జ్ఞానం మాటెలా ఉన్నా ఎక్స్‌రే ఖర్చు తగిలింది.

ఈ చర్వణకాల్లో మొదటి 4 సుమారు ఆరో ఏట, ఏ పన్నూ ఊడకుండానే, పాలపండ్ల వెనకగా చప్పుడు చేయకుండా మొలుస్తాయి. అందుకే అవి పుచ్చినా ‘పాలపన్నేగా, ఊడి మళ్ళీ వస్తుందిలే’ అనుకునే ఇళ్ళున్నాయి. ఆరేడేళ్ళ పిల్లలున్నవారు ఈ రాత్రే టార్చి వేసి చూడండి. అన్నిటికంటే వెనక కొత్తగా కనబడేది ద్విజం కాదు.