నెత్తిన సంసారం

జీపు కొన్నవాడికి అడవి దొరికినా దొరక్కపోయినా, పైన క్యారియర్ మాత్రం ఉండి తీరాలి. బుల్లి సుజుకి జిమ్నీనే చూడండి. ఆస్ట్రేలియాలో కంపెనీవారు దాని పైకప్పుకు రాసిచ్చిన మోత 30 కిలోలు. గట్టి ఇనుప క్యారియర్ ఒక్కటే ఇంచుమించు అంత తూగుతుంది. అంటే సామాను ఎక్కకముందే కోటా చెల్లు! ఆపైన 50 కిలోలు దాటే మడత గుడారం, పెట్రోలు క్యాన్లు, స్టెప్నీ, పార, కోడిని కాల్చడానికి కుంపటి.

ఇదేంటయ్యా అంటే, ‘‘క్యారియర్ మీద 100 కిలోలని రాసుందండీ’’ అంటారు. అది క్యారియర్ గొప్ప. దాన్ని మోసే రేకు గతేమిటో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం ఇంకా ప్లాస్టిక్ కవర్లోనే ఉంటుంది. రెండు అంకెల్లో చిన్నదానిదే పెత్తనమని అందులో చదివేదెవరు?

‘‘రాత్రంతా గుడారంలో ఇద్దరం పడుకున్నాం, ఏమైంది?’’ ఏమీ కాదు, బండి కదల్లేదు కాబట్టి. గోతిలో పడి లేచేటప్పుడు అదే బరువు రేకును ఎత్తెత్తి కొడుతుంది. అందుకే కొన్ని క్యారియర్ కంపెనీలు కచ్చా బాటలో రోడ్డు లెక్కలో మూడింట రెండొంతులే ఎక్కించమంటాయి. ఆ దెబ్బలన్నీ తినేది వాననీటి గాడిని కరచుకున్న నాలుగు క్లాంపులూ, వాటి బోల్టులూ. అవి వదులయ్యాయేమో చూడరా బాబూ అంటే, ‘‘బిగించినోడు టైటే అన్నాడు సార్!’’

నెత్తిన ఇంత బరువుతో వంపులో బండి పక్కకు ఒరిగితే మాత్రం తప్పంతా ఆర్ అండ్ బీ వాళ్లదే.