భద్రతా మండలి పంచరత్నాలకు సన్మాన పత్రం

స్వస్తిశ్రీ! అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్, ఫ్రాన్స్ అనే నామధేయాలతో భూలోకాన వెలసిన పంచమూర్తులారా, లోకంలో ఎక్కడ చట్టం గాయపడినా ముందుగా కన్నీరు కార్చే కరుణాసముద్రులారా, పదిహేను కుర్చీల భద్రతా మండలిలో పది కుర్చీలకు రెండేళ్లకోసారి మనుషులు మారుతున్నా తమ ఐదు కుర్చీలకు మాత్రం 1945 నుంచి ఎన్నిక అనే మైల సోకకుండా మడి కట్టుకుని కూర్చున్న ఆచారవంతులారా, చేయెత్తి కాదంటే చాలు మిత్రుల పాపాలన్నీ పటాపంచలయ్యే వీటో అనే అభయహస్తం కలిగిన ఆపద్బాంధవులారా! అంతర్జాతీయ సహకారంతో చట్టబద్ధ పాలనను తీర్చిదిద్దుతున్న తమకు తెలుగులో ఒక సన్మాన పత్రం చాలాకాలంగా బాకీ ఉంది. చిత్తగించండి.

2012 సెప్టెంబర్ 24న న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి చట్టబద్ధ పాలన మీద ఒక ప్రకటన ఆమోదించింది. చట్టబద్ధ పాలన అన్ని దేశాలకూ సమానంగా వర్తిస్తుందనీ, సమితికీ దాని ప్రధాన అంగాలకూ కూడా వర్తిస్తుందనీ అందులో రాసుకున్నారు. ఓటింగు దాకా పోలేదు, అందరూ ఏకగ్రీవంగా తలూపారు. తమరూ ఊపారు! అంత ఎత్తున ఉన్నవారు కిందికి వంగి, బురుండితో, భూటాన్‌తో మేమూ సమానమేనని ఒప్పుకోవడం ఏ పురాణంలోనూ వినని వినయం. పైగా ఆ సమానత్వాన్ని రోజూ కట్టి నలపకుండా, పెళ్లినాటి పట్టుచీరలా మడతపెట్టి బీరువాలో దాచిన తమ పొదుపరితనాన్ని ఏ నోట పొగడగలం?

అగ్రతాంబూలం అమెరికాకు. టెహ్రాన్‌లో తమ దౌత్య సిబ్బందిని బందీలుగా పట్టుకున్నప్పుడు హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం గడప తొక్కి, 1980 మే 24న తీర్పు తెచ్చుకుని, విచారణకే రాని ఇరాన్‌కు కోర్టంటే ఎలా తల వంచాలో లోకసమక్షంలో బోధించిన ఆచార్యులు తమరు. శిష్యులకు చెప్పిన పాఠం తాను కూడా పాటించాలన్న నియమం ఏ గురుకులంలోనూ లేదు. 1984లో నికరాగ్వా రేవుల్లో మైన్లు పరిచిన తర్వాత, ఆ చిన్న దేశం కోర్టుకెక్కబోతున్నదని పసిగట్టి, దావా పడడానికి మూడు రోజుల ముందు, అంటే ఏప్రిల్ 6న, మధ్య అమెరికా తగాదాల్లో కోర్టు అధికార పరిధికి తాము ఇకపై కట్టుబడబోమని కబురు పంపారు. మానుకోదలిస్తే ఆరు నెలల ముందు తెలియజేస్తామని 1946 నాటి అంగీకార పత్రంలో తామే రాసిచ్చి ఉన్నారు. ఆరు నెలలను మూడు రోజుల్లో పూర్తి చేసిన ఆ చురుకుదనం, తాత వేసిన దావాకు మనవడు వాయిదాలకు తిరిగే మన ఊళ్ల కక్షిదారులకు కలలో కూడా అందదు.

తర్వాతి ఘట్టం మరీ రమణీయం. కేసు వినే అధికారం తనకుందని కోర్టు తేల్చగానే, 1985 జనవరిలో తమరు విచారణ నుంచి హుందాగా లేచి వెళ్లిపోయారు. అక్టోబర్‌లో ఆ 1946 అంగీకారాన్నే రద్దు చేసుకున్నారు. న్యాయమూర్తులు మాత్రం పట్టుదల మనుషులు. 1986 జూన్ 27న నికరాగ్వా పక్షాన తీర్పు చెప్పారు. తీర్పు అమలు కాకపోతే గెలిచినవారు భద్రతా మండలికి మొరపెట్టుకోవచ్చని సమితి చార్టర్ 94వ అధికరణం దారి చూపింది. నికరాగ్వా ఆ దారినే నడిచి వెళ్లింది. తలుపు తీసింది తమరే! అక్టోబర్ 28న పదకొండు దేశాలు తీర్పును అమలు చేయాల్సిందేనని చేతులెత్తగా, తమ ఒక్క చేయి అడ్డంగా లేచింది. తీర్మానం వీగిపోయింది. ఓడిన ప్రతివాదే పై మెట్టున పెద్దమనిషిగా కూర్చుని, రెండు పక్షాల బాధనూ, ముఖ్యంగా తన బాధను, సానుభూతితో విని, తనను తాను విడిచిపెట్టిన ఔదార్యం విక్రమార్క సింహాసనం మీది సాలభంజికలు కూడా చెప్పని కథ. నికరాగ్వాలో ప్రభుత్వం మారాక 1991లో ఆ దేశమే కేసు ఉపసంహరించుకుంది. పరిహారం ఎంతో కోర్టు తేల్చనే లేదు. తమ ఖజానాలో డాలరు తరగలేదు, చట్టం మీద తమ గౌరవమూ తరగలేదు.

రష్యా వారి సౌకుమార్యాన్ని మరో విధంగా కీర్తించాలి. మండలి అధ్యక్షత ఆంగ్ల అక్షరక్రమంలో నెలకో దేశానికి వస్తుంది. 2022 ఫిబ్రవరి వంతు వారిది. ఆ నెల 23 రాత్రి న్యూయార్క్‌లో గుర్రపునాడా ఆకారంలో ఉన్న బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్క ప్రతినిధీ ఉక్రెయిన్ మీదికి దండెత్తవద్దని వేడుకుంటున్నారు. అధ్యక్షస్థానంలో రష్యా రాయబారి వాసిలీ నెబెంజియా అందరి మాటా ఓపికగా వింటున్నారు. అంతలోనే, సభ సాగుతుండగానే, ‘ప్రత్యేక సైనిక చర్య’ మొదలైనట్టు మాస్కో నుంచి పుతిన్ ప్రకటన వెలువడింది. తమ విదేశాంగ మంత్రి లావ్రోవ్‌కు ఫోన్ చేసి కనుక్కోండని ఉక్రెయిన్ రాయబారి నిలదీశారు. ఈ వేళప్పుడు మంత్రిగారిని నిద్ర లేపబోనన్నారు నెబెంజియా. ఆహా! పొద్దు పొడవకముందే క్షిపణుల చప్పుడుకు కీవ్ నగరమంతా లేచి కూర్చోబోతున్న ఘడియలో, ఒక వృద్ధుడి నిద్ర చెడగొట్టకూడదన్న ఆ సున్నిత హృదయం! నిద్ర విలువ ఇంతగా ఎరిగిన చేతుల్లో లోకశాంతి ఎంత భద్రంగా ఉంటుందో వేరే చెప్పాలా?

రెండు రోజుల తర్వాత, 25న, ఆ దండయాత్రను గర్హించే తీర్మానం వచ్చింది. పదకొండు చేతులు అనుకూలంగా లేచాయి. మూడు దేశాలు ఎటూ తేల్చలేదు. ఒక్క చేయి వ్యతిరేకించింది. అది రష్యాది. ఒక శాశ్వత సభ్యదేశం కాదన్నందున తీర్మానం వీగిపోయిందని అధ్యక్షులవారు ప్రకటించారు. ఆ అధ్యక్షులవారిదీ రష్యాయే. ముద్దాయి, న్యాయమూర్తి, బంట్రోతు, ముగ్గురి పనీ ఒకరే చేసిపెడితే సభకు ఎంత ఖర్చు కలిసొస్తుందో! తగాదాలను శాంతియుతంగా పరిష్కరించే తీర్మానాల్లో తగాదాలో ఉన్న పక్షం ఓటు వేయకూడదని చార్టర్ 27వ అధికరణంలో ఒక వాక్యం ఉంది. పాతకాలపు రాగి శాసనాన్ని కాపాడినట్టు ఆ వాక్యాన్ని ఎవరూ వాడి చెడగొట్టకుండా కాపాడుతున్నారు.

బ్రిటన్ ప్రభువుల జీవకారుణ్యం విడిగా శతకం రాయదగినది. మారిషస్‌కు స్వాతంత్ర్యం ఇవ్వబోయే ముందు, 1965లో ఛాగోస్ దీవులను ఆ దేశం నుంచి వేరుచేశారు. 1968 నుంచి 1973 దాకా అక్కడి జనమందరినీ పుట్టిన నేల నుంచి ఎత్తి, ఓడలెక్కించి, మారిషస్, సీషెల్స్ రేవుల్లో దింపారు. ఆ దీవుల్లో పెద్దదైన డియెగో గార్సియా అమెరికా సైనిక స్థావరానికి అమరింది. వెళ్లినవారి పెంపుడు కుక్కలు యజమానుల కోసం ఏడుస్తూ తిరుగుతాయేమోనని కాబోలు, వాటిని కొట్టులో పెట్టి వాహనాల పొగ వదిలి శాశ్వత విశ్రాంతి కల్పించారు. ఇక మిగిలినవి చేపలు. 2010లో ఆ సముద్రమంతా రక్షిత ప్రాంతంగా ప్రకటించి వాటికి అభయమిచ్చారు. మనుషుల నుంచి కుక్కలకు, కుక్కల నుంచి చేపలకు ప్రవహిస్తూ వచ్చిన ఆ దయ చివరికి తగిన పాత్రను చేరింది. అది సముద్ర చట్టానికి విరుద్ధమని 2015లో ఒక మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ అంది. ట్రిబ్యునళ్లకు చేపల భాష రాదు.

2019 ఫిబ్రవరి 25న అంతర్జాతీయ న్యాయస్థానం 13–1 తేడాతో, ఛాగోస్‌లో బ్రిటన్ పాలన వీలైనంత త్వరగా ముగియాలని సలహా చెప్పింది. ఆరు నెలల్లో వెళ్లిపొమ్మని మే 22న సమితి సర్వసభ్య సమావేశం 116 ఓట్లతో, ఆరు ఓట్లు మాత్రమే వ్యతిరేకించగా, గడువు పెట్టింది. బ్రిటన్ తొందరపడలేదు. మారిషస్‌కు దీవులు ఇచ్చే ఒప్పందం మీద 2025 మే 22న సంతకం పెట్టింది. డియెగో గార్సియాను మాత్రం తిరిగి 99 ఏళ్ల లీజుకు తీసుకునేలా అందులోనే రాసుకుంది. తీర్మానం చేసిన నెలా తేదీ తప్పలేదు, సంవత్సరమే కాస్త జరిగింది. అమెరికా ఆరు నెలలను మూడు రోజులు చేసింది, బ్రిటన్ ఆరు నెలలను ఆరేళ్లు చేసింది. కాలపురుషుణ్ణి ఇంత మెత్తగా మలచగలిగినవారికి కాలదోషం ఎక్కడిది?

చైనా వారిది క్లుప్తతే అందం. సముద్ర చట్ట ఒడంబడికను 1996లో ఆమోదించి, దక్షిణ చైనా సముద్రంలో తమ హక్కుల మీద ఫిలిప్పీన్స్ పెట్టిన కేసులో ట్రిబ్యునల్ 2016 జూలై 12న ఇచ్చిన తీర్పుకు నాలుగు ముక్కల్లో జవాబిచ్చారు: అంగీకరించం, పాల్గొనం, గుర్తించం, అమలుచేయం. చతుర్విధ పురుషార్థాల తర్వాత ఇంత సంపూర్ణమైన చతుష్టయం మళ్లీ పుట్టలేదు. ఏ దిబ్బ అయితే ఫిలిప్పీన్స్ ఆర్థిక మండలంలోనిదని ఆ తీర్పు చెప్పిందో, ఆ మిస్చీఫ్ దిబ్బ మీద వారి రన్‌వే చక్కగా ఉంది. ఇక ఫ్రాన్స్ నాజూకు అందరికీ తెలిసిందే. 1973 జూన్‌లో పసిఫిక్‌లో అణుపరీక్షలు ఆపమని అంతర్జాతీయ న్యాయస్థానం మధ్యంతర ఉత్తర్వు ఇస్తే, ఆ వేసవిలోనే పరీక్షలు జరిపి, 1974 జనవరిలో కోర్టుకు నమస్కారం పెట్టి తన అంగీకారాన్ని ఉపసంహరించుకుంది.

విడివిడిగా ఇంత వెలిగేవారు కలిసికట్టుగా ఎలా ఉంటారో చూడాలంటే హేగ్‌లోని రెండో కోర్టుకు, అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు రావాలి. తమ ఐదుగురిలో ముగ్గురు, అంటే అమెరికా, రష్యా, చైనా, అందులో సభ్యులు కారు. అయినా తాము చేరని బడికి ఇతరుల పిల్లలను పంపే నిస్వార్థం వారిది. 2005లో సూడాన్‌ను, 2011లో లిబియాను భద్రతా మండలి ఆ కోర్టుకు అప్పగించింది. ఆ తీర్మానాల్లోనే, అక్కడ పనిచేసే సభ్యేతర దేశాల వారిని ఆ కోర్టు ముట్టుకోకూడదనీ, విచారణ ఖర్చు సమితి భరించదనీ ముచ్చటగా రెండు పేరాలు పెట్టారు. అప్పగించేది మేము, ఖర్చు మీది! పెళ్లి పెద్దలు భోజనాల బిల్లు చూడరు కదా. అంతకుముందే 2002లో అమెరికా ఒక చట్టం చేసి, తన సైనికులను ఎవరినైనా ఆ కోర్టు బంధిస్తే విడిపించుకోవడానికి అవసరమైన ఏ మార్గమైనా వాడవచ్చని అధ్యక్షుడికి అధికారమిచ్చింది. హేగ్ ఉన్నది నాటో మిత్రదేశమైన నెదర్లాండ్స్‌లో. మిత్రుడి ఇంటి తలుపు పగలగొట్టడానికి ముందే చట్టబద్ధంగా అనుమతి రాసిపెట్టుకోవడం కంటే చట్టబద్ధ పాలన ఇంకేం కావాలి?

2023 మార్చిలో ఆ కోర్టు పుతిన్ మీద వారెంటు జారీ చేస్తే, అది సమంజసమేనని అమెరికా అధ్యక్షుడు అన్నారు. రష్యా ఆ కోర్టు ప్రాసిక్యూటర్ కరీమ్ ఖాన్‌ను తన వాంటెడ్ జాబితాలోకి ఎక్కించింది. 2024 నవంబర్‌లో అదే కోర్టు అదే ప్రాసిక్యూటర్ కోరిక మీద ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు మీద వారెంటు ఇచ్చింది. 2025 ఫిబ్రవరిలో అదే కరీమ్ ఖాన్ మీద అమెరికా ఆంక్షలు విధించింది. ఏ విషయంలోనూ ఒక మాట మీదికి రాని రెండు మహాశక్తులు ఒక మనిషిని ఇబ్బంది పెట్టడంలో ఇంత అన్యోన్యంగా కలిసి రావడమే అంతర్జాతీయ సహకారం. దీనికోసం ఎన్ని సదస్సులు జరిపినా ఇంత నిఖార్సయిన ఉదాహరణ దొరకదు. సభ్యదేశాలు కూడా పెద్దల బాటలోనే నడుస్తున్నాయి. 2024 సెప్టెంబర్‌లో, వారెంటు అమలు చేయాల్సిన మంగోలియా, ఉలాన్‌బాతర్ చౌక్‌లో చెంగిజ్‌ఖాన్ కాలపు ఎర్రనీలి దుస్తుల్లో గౌరవ దళాన్ని నిలబెట్టి పుతిన్‌కు స్వాగతం పలికింది.

మాటల్లో పడి మన ఇంటిని మరిచిపోతే అది కృతఘ్నత. క్రిమినల్ కోర్టు పుట్టిన 1998 రోమ్ సభలో మన భారతదేశం అనుకూలంగానూ వేయలేదు, వ్యతిరేకంగానూ వేయలేదు. 2022 ఫిబ్రవరి 25న ఎటూ తేల్చని మూడు దేశాల్లో మనదీ ఉంది. ఆ తర్వాతి నెలలో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం నుంచి రష్యా యుద్ధం ఆపాలని 13–2తో ఉత్తర్వు వస్తే, ఆ పదమూడులో మన న్యాయమూర్తి దల్వీర్ భండారీ గారున్నారు. ఒకే దేశం చేయి న్యూయార్క్‌లో దించుకుని హేగ్‌లో ఎత్తడం యోగసాధన వల్ల గాని రాదు. 1999లో కచ్ దగ్గర పాకిస్తాన్ విమానాన్ని మనం కూల్చితే వారు హేగ్‌కు పోయారు. కామన్వెల్త్ దేశాల తగాదాలకు ఆ కోర్టు మాకు వర్తించదని 1974 నాటి మన పత్రం చూపించి 2000లో ఆ కేసు కొట్టివేయించాం. 2017లో పాకిస్తాన్ జైల్లో ఉన్న మన కులభూషణ్ జాధవ్ కోసం అదే దేశం మీద, ఈసారి కాన్సులర్ ఒడంబడిక అనే మరో తలుపు తెరుచుకుని, అదే కోర్టుకు వెళ్లి నెగ్గి వచ్చాం. చట్టం ఎప్పుడు ఏ మేరకు వర్తిస్తుందో తెలుసుకునే ఈ విచక్షణ పంచరత్నాల పాఠశాలలో చేరకుండానే మనకు అబ్బింది.

అందుకే మనం ఎన్నాళ్లుగానో ఆ ఐదుగురి పక్కన ఒక శాశ్వత కుర్చీ అడుగుతున్నాం. 2005లో జర్మనీ, జపాన్, బ్రెజిల్‌తో కలిసి పెట్టిన ప్రతిపాదనలో వీటోను పదిహేనేళ్ల పాటు ముట్టుకోబోమని కూడా చెప్పాం. కుర్చీకి కావలసిన అర్హతలన్నీ మనకు వచ్చేశాయి. వీటో ఒక్కటే తక్కువ.