రెండు తూకం రాళ్లు

పంచాంగంలో ఏకాదశులు 24. మా వీధి కిరాణా బాబాయి గోడ క్యాలెండర్‌లో ఎర్ర సున్నాలు అంతకంటే ఎక్కువ. ముందస్తు పన్నుకు జూన్ 15, సెప్టెంబరు 15, డిసెంబరు 15, మార్చి 15. ఆడిట్ ఉన్న లెక్కలకు రిటర్ను అక్టోబరు 31. ఉద్యోగం చేసే కొడుక్కి జులై 31. కోసిన టీడీఎస్ కట్టడానికి మరుసటి నెల 7.

‘‘ఇన్ని తిథులు చూసుకుంటూ మా నాన్న తద్దినం తిథి మర్చిపోయానురా!’’ అని బాబాయి వాపోయాడు.

కొడుకు మాత్రం నిశ్చింతగా ఉన్నాడు. ‘‘గడువు ఎలాగూ పెంచుతార్లే నాన్నా’’ అంటాడు. ఆ ధీమాకు ఆధారమూ ఉంది. 2025లో జులై 31 కాస్తా సెప్టెంబరు 15 అయింది. ఆ అర్ధరాత్రి మరో పొడిగింపు వచ్చింది. ఎంతనుకున్నారు? ఒక్క రోజు! ఆకలన్నవాడికి విస్తరేసి ఆవకాయ బద్ద వడ్డించినట్టు!

ఇక ఆ గడువూ దాటితే? ఆదాయం 5 లక్షలు మించినవారికి 5,000 రూపాయల రుసుము. పన్ను బాకీ ఉంటే నెలకు 1 శాతం వడ్డీ అదనం.

‘‘మరి వాళ్లు మనకివ్వాల్సిన రిఫండ్ ఆలస్యమైతేనో?’’ అడిగాడు బాబాయి.

‘‘నెలకు అర శాతం ఇస్తారు.’’

బాబాయి తక్కెడ వైపు ఓసారి చూసి నిట్టూర్చాడు.

‘‘కొనడానికో రాయి, అమ్మడానికో రాయి! నా కొట్లో ఇలా పెడితే తూనికల శాఖవాళ్లు తక్కెడతో పాటు నన్నూ పట్టుకుపోతార్రా అబ్బాయ్!’’