చ్యూబాకా రక్తాన్ని నేను

చ్యూబాకా అనే మగ చీతా ఒంట్లో పారిన రక్తాన్ని నేను. మాది నమీబియా. 1990లో లారీ మార్కర్ మొదలుపెట్టిన చీతా కన్జర్వేషన్ ఫండ్ ఒట్జివరోంగో పట్టణం దగ్గర ఉంది. తల్లిలేని కూనగా వచ్చిన చ్యూబాకా అక్కడే మనుషుల చేతుల్లో పెరిగాడు. పశువులు పెంచే రైతులకు చీతా అంటే దూడల్ని ఎత్తుకుపోయే శత్రువు, కనబడితే తుపాకీయే. వాణ్ణి దగ్గరగా చూశాక కొందరైనా ఆ తుపాకీ దించారనే నా నమ్మకం.

సూదితో నన్ను తీశారు. నాలోని డీఎన్ఏను చిన్న చిన్న తునకలు చేసి యంత్రాలతో చదివించారు. దాదాపు 240 కోట్ల అక్షరాలు! చింపేసిన పంచాంగాన్ని పక్కింటివాళ్ల పంచాంగం చూసుకుంటూ అతికించినట్టు, అప్పటికే చదివి ఉంచిన ఇంటిపిల్లి జన్యుక్రమాన్ని ఆసరా చేసుకుని నన్ను అర్థం చేసుకున్నారు. నాతోపాటు నమీబియా, టాంజానియాలకు చెందిన మరో ఆరు చీతాల రక్తమూ చదివారు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని పావెల్ దోబ్రినిన్, స్టీఫెన్ ఓబ్రయన్ బృందం 2015లో ఫలితాలు ప్రకటించింది.

ప్రతి జన్యువుకూ తండ్రి ఇచ్చిన ప్రతికీ తల్లి ఇచ్చిన ప్రతికీ మధ్య తేడాలు ఉండాలి. ఒకటి చెడితే రెండోది ఆదుకునేది ఆ తేడాల వల్లే. నాలో చాలాచోట్ల రెండూ ఒకటే. మామూలు క్షీరదాల్లో ఉండే వైవిధ్యంలో 90 శాతానికి పైగా మేం పోగొట్టుకున్నాం. మా జాతి రెండుసార్లు అంతరించే అంచుదాకా వెళ్లిందట: లక్ష ఏళ్ల కిందట ఒకసారి, మంచుయుగం ముగిసే వేళ, సుమారు 12 వేల ఏళ్ల కిందట, మరోసారి. మిగిలిన కొద్దిమంది తమలో తామే జతకట్టారు. చుట్టరికం లేని రెండు చీతాల మధ్య చర్మం మార్చి అతికిస్తే ఒళ్లు దాన్ని పరాయిదనుకోలేదని 1985లోనే ఓబ్రయన్ బృందం చెప్పింది. దానికి కారణం నా అక్షరాల్లో దొరికింది.

ఇది వినడానికి వింతగా ఉంటుంది కానీ నాకు భయం. ఒకరిని చంపగలిగిన రోగం అందరినీ చంపగలదు. అమెరికాలో ఓరెగాన్‌లోని ఒక జంతువుల పార్కులో 1980ల్లో, పిల్లుల్లో కనిపించే కరోనా వైరస్ సోకి ఎన్నో చీతాలు చచ్చిపోయాయి. మా మగవాళ్ల శుక్రకణాల్లో ఎక్కువ వంకరగా ఉండటానికి కారణం కాగల లోపాలు కూడా ఏకేఏపీ4 అనే జన్యువులో కనబడ్డాయి.

ఈ భయాన్ని మోస్తూనే 2022 సెప్టెంబరు 17న ఎనిమిది నమీబియా చీతాలు మధ్యప్రదేశ్‌లోని కూనోకు చేరాయి. చీతాలు అంతరించాయని 1952లో ప్రకటించుకున్న దేశం మీది. మరుసటి మార్చిలో మా దేశపు తల్లికి అక్కడ నాలుగు కూనలు పుట్టాయి. మే ఎండల్లో మూడు పోయాయి. ఆ వార్త నన్ను కుదిపేసింది. ఎండకు జన్యుక్రమం మందు కాదు, నాకు తెలుసు. అయినా అక్కడ పుట్టే ప్రతి కూన నుంచి ఒక చుక్క తీసి చదవండి. ఎవరికెవరు దగ్గరి బంధువులో తేలాకే జత కలపండి. కొత్త మగవి ఎక్కణ్ణుంచి తేవాలో కూడా ఆ చుక్కలే చెబుతాయి.