ప్రిన్సెస్ మైఖేల్ గారి అసలు పేరు

లండన్‌లో ప్రిన్సెస్ మైఖేల్ ఆఫ్ కెంట్ అని ఒకావిడ ఉన్నారు. మైఖేల్ ఆవిడ పేరు కాదు, గడ్డం ఉన్న వాళ్లాయన పేరు. అమ్మానాన్నా పెట్టిన మారీ క్రిస్టీన్ అనే పేరు 1978లో పెళ్లితో బీరువాలోకి వెళ్లిపోయింది. మన బామ్మలు మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని జనాభా లెక్కలవాడికి కూడా చెప్పేవారు కాదు. "ఏడుకొండలవాడి పేరే నాయనా" అని తప్పించుకునేవారు. అక్కడ తప్పించుకోవడానికి లేదు. ఎవరైనా "మీ పేరేమిటండీ" అంటే మొగుడి పేరే చెప్పాలి.

ఎందుకంటే ఆ బ్రిటిష్ రాజుల ఇంటికొచ్చిన కోడలికి హోదా మొగుడి చేతి మీదుగా రావాలి. ‘ప్రిన్సెస్’ పక్కన సొంత పేరు తగిలించుకునే భాగ్యం ప్రిన్సెస్ ఆన్ లాగా ఆ ఇంట్లో పుట్టిన ఆడపిల్లలకే.

ఈ లెక్కన మనమంతా కళ్లకద్దుకుని రాసిన ‘ప్రిన్సెస్ డయానా’ శుద్ధ తప్పు. 1975లో తండ్రి ఎర్ల్ కాగానే ఆ పిల్ల లేడీ డయానా అయింది, సొంత పేరుతోనే. 1981లో చార్లెస్‌ని చేసుకున్నాక ప్రిన్సెస్ ఆఫ్ వేల్స్ అయింది, డయానా మాయమైంది. 1996లో విడాకులయ్యాయి. హర్ రాయల్ హైనెస్ ఊడింది గానీ పేరు తిరిగొచ్చింది, ఒక కామాతో సహా: ‘డయానా, ప్రిన్సెస్ ఆఫ్ వేల్స్’.

అప్పట్లో నేను డెస్కులో కుర్ర సబ్ ఎడిటర్ని. ఏజెన్సీ కాపీలో ఆ కామా చూసి, వీళ్లకి ఇంగ్లీషు కూడా రాదని విసుక్కుని కొట్టేశాను. ‘యువరాణి డయానా’ అని హెడ్డింగు పెట్టి పేజీ వదిలేశాను. ఆ కామాయే అక్కడ విడాకుల సర్టిఫికెట్ అని తర్వాతెప్పుడో తెలిసింది. అంటే ఆ రాత్రి నా ఎర్ర పెన్నుతో వాళ్లిద్దరికీ మళ్లీ ముడిపెట్టేశానన్న మాట. ఇద్దరిలో ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

అదే ఏడు విడాకులైన రెండో కోడలికీ కామాయే దక్కింది: ‘సారా, డచెస్ ఆఫ్ యార్క్’. విడాకులైన 29 ఏళ్లకి, 2025లో, మాజీ మొగుడు ఆండ్రూ తన నిర్వాకాల పుణ్యమా అని డ్యూక్ బిరుదు వాడటం మానుకోవాల్సి వచ్చింది. దాంతో ఈవిడ డచెస్సూ పోయింది. కాపురం పంచుకోకపోయినా పరువు నష్టం పంచుకోవాలి కాబోలు.

ఆడవాళ్ల సంగతి ఇలా ఉంటే, ఇల్లరికపు అల్లుళ్ల కథ ఇంకా దయనీయం. రాజు పెళ్లాం రాణి అవుతుంది. రాణి మొగుడు రాజు కాడు. రాజనేవాడు రాణి కన్నా ఒక మెట్టు పైనని వాళ్ల భయం. విక్టోరియా మహారాణి 1840లో ఆల్బర్ట్‌ని చేసుకుని, ఆయన్ని రాజు అనిపించాలని చాలా ముచ్చటపడింది. మంత్రులు ఒప్పుకోలేదు. చివరికి 1857లో తనే ప్రిన్స్ కన్సార్ట్ అని పేరు పెట్టింది. అప్పటికి తొమ్మిదో బిడ్డ పుట్టింది. పిల్లలందరికీ నామకరణాలయ్యాక తండ్రికయిందన్న మాట.

ఎలిజబెత్ రాణి మొగుడు ఫిలిప్‌ది మరో బాధ. గ్రీసు, డెన్మార్క్ రాకుమారుడిగా పుట్టి, 1947లో అవి వదులుకుని ఉత్త లెఫ్టినెంట్ మౌంట్‌బాటన్‌గా మిగిలాడు. పెళ్లికి ఎడింబరో డ్యూక్‌ని చేశారు. బ్రిటన్ తరఫున ‘ప్రిన్స్’ మాత్రం 1957లో గానీ రాలేదు. ఈలోగా 1952లో ఇంటిపేరు విండ్సర్‌గానే ఉంటుందని తేల్చేశారు. కన్నబిడ్డలకు ఇంటిపేరివ్వలేని మగాణ్ణి ఈ దేశంలో నేనొక్కణ్ణేనని ఆయన వాపోయాడట. మన మండలంలో పుట్టి ఉంటే ఈ గొడవే లేదు. సర్పంచ్ భర్తని ఊరంతా "సర్పంచ్ గారూ" అంటుంది, కుర్చీ కూడా ఆయనకే వేస్తుంది.

ఈ బిరుదుల నీళ్లు పల్లానికే పారతాయని బాగా తెలిసినవాళ్లు ఏం చేస్తారో థాచర్ గారి ఇంట్లో చూడాలి. పదకొండేళ్లు ప్రధానిగా ఏలి 1990 నవంబరులో ఆవిడ దిగిపోయారు. డిసెంబరులో, పాతికేళ్లుగా ఎవరికీ ఇవ్వని బారనెట్ అనే వంశపారంపర్య బిరుదు ప్రకటించారు. ఆవిడకి కాదు, భర్త డెనిస్‌కి! ఆయన సర్ అయితే ఈవిడ ఆటోమేటిగ్గా లేడీ థాచర్. 1992లో ఆవిడ సొంతంగా బారనెస్ అయ్యారు. అందులో డెనిస్ వాటా సున్నా. డేమ్ బిరుదు పొందిన ఆడవాళ్ల మొగుళ్లదీ ఇదే గతి, ఉత్త మిస్టరే.

ఈ సరుకు మన వాకిలి దాకా కూడా వచ్చింది. తర్వాత రాష్ట్రపతి అయిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారికి 1931లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ అయిన ఏడే, నైట్‌హుడ్ వచ్చి సర్ అయ్యారు. నియమం ప్రకారం శివకాము గారు ఆ పూటే లేడీ రాధాకృష్ణన్. స్వాతంత్ర్యం వచ్చాక ఆయన సర్ పక్కనపెట్టి డాక్టర్‌తో సరిపెట్టుకున్నారు. సర్ లేని ఇంట్లో లేడీకి చోటేదీ? పోనీ డాక్టర్‌లో వాటా అడుగుదామంటే బ్రిటిష్ మర్యాదల్లో అలాంటిది లేదు. మన దగ్గర ఉంది. మా వీధి డాక్టరు గారి భార్యని అందరూ డాక్టరమ్మ గారనే అంటారు. ఆయన లేనప్పుడు జ్వరానికి మాత్రలు కూడా ఆవిడే ఇస్తారు.